చీకటి పాటలను వినడం ఎలా: అమెరికా కొండసీమల గోథిక్ జానపద, కంట్రీ సంగీతానికి ఒక సమగ్ర మార్గదర్శి

ఒక యువకుడు తాను ప్రేమించిన అమ్మాయిని, పెళ్లికి ముందు ఒకసారి అలా తిరిగి వద్దాం రమ్మని పిలుస్తాడు. ఆమె అతని వెనక గుర్రమెక్కి కూర్చుంటుంది. కొండలు దిగి లోయలోకి వెళ్లేసరికి కొత్తగా తవ్విన గొయ్యి, దాని పక్కన ఒక పార కనిపిస్తాయి. ఆమె అతణ్ణి పట్టుకుని ఏడుస్తుంది. కాసేపటికి అతడు ఆమె మీద మట్టి కప్పి, నది వైపు నడిచిపోతాడు. ఎందుకు చంపాడో పాట చెప్పదు. పాడేవాడి గొంతు ఎక్కడా వణకదు, అయ్యో అనదు, ఛీ అని కూడా అనదు. 'ప్రెట్టీ పాలీ' అనే ఈ పాటను వర్జీనియా రాష్ట్రంలోని నార్టన్ ప్రాంతానికి చెందిన డాక్ బాగ్స్ అనే బొగ్గుగని కార్మికుడు 1927లో న్యూయార్క్ వెళ్లి బ్రన్స్‌విక్ కంపెనీ రికార్డుకు పాడాడు. విన్నవాళ్లలో కొందరు మళ్లీ దాని జోలికి పోరు. కొందరు ఆ రాత్రే నాలుగైదు సార్లు వింటారు. ఈ వ్యాసం రెండో రకం వాళ్ల కోసం, లేదా ఆ రకంలో చేరబోయేవాళ్ల కోసం.

'గోథిక్ కంట్రీ' (గోథిక్ అంటే చీకటి, భయం నిండినది; కంట్రీ అంటే అమెరికా పల్లె పాటల్లోంచి పుట్టిన సంగీతం), 'చీకటి జానపదం' అని ఈ మధ్య పేర్లు పెట్టి పిలుస్తున్న ఈ పాటలలో హత్యలు, ఉరికంబాలు, మునిగిపోయిన ఆడపిల్లలు, దేవుడి కోపం, సమాధుల్లోంచి మాట్లాడే మనుషులు కావలసినంత మంది ఉంటారు. అయితే రక్తం ఎక్కువైనంత మాత్రాన పాట బలపడదు. ఈ సంగీతంలో మనల్ని లాగేది చాలాసార్లు పాటలోంచి తీసేసిన భాగమే: చెప్పని కారణం, కార్చని కన్నీరు, వాయిద్యంలో మోగించని స్వరం. వినడం నేర్చుకోవడమంటే ఈ ఖాళీలను గుర్తుపట్టడం నేర్చుకోవడమే కాబట్టి, కింద చెప్పే మెట్లన్నీ ఆ పని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి మెట్టు: పాత రికార్డుకు చెవిని అలవాటు చేయడం

నేను ఈ సంగీతంలోకి తప్పు దారిన వచ్చాను. పుర్రె బొమ్మ, విస్కీ సీసా, మోడువారిన చెట్టు అట్టమీద వేసిన ఒక ప్లేలిస్టును సాయంత్రం నడకకు పెట్టుకుని, రెండు వారాలపాటు ఒక్క పాట కూడా మనసుకు పట్టక, ఇదంతా ఉత్త వేషమని తేల్చేసుకున్నాను. నడుస్తూ వినడం ఒక తప్పు, కొత్త పాటలతో మొదలుపెట్టడం ఇంకో తప్పు. కొత్తవాళ్లు అనుకరిస్తున్న గొంతులు ఏవో తెలియకుండా వాళ్లను వింటే మిగిలేది ఆ పుర్రె బొమ్మే.

కాబట్టి 1927 నుంచి 1932 వరకు వచ్చిన రికార్డులతో మొదలుపెట్టాలి. ఇందుకు అన్నిటికంటే మంచి ద్వారం పాత రికార్డుల సేకర్త హ్యారీ స్మిత్ కూర్చగా ఫోక్‌వేస్ సంస్థ 1952లో ఆరు ఎల్పీలుగా విడుదల చేసిన 'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్'. అందులో 84 పాటలున్నాయి. అవి ఎక్కడో అడవిలో పరిశోధకులు సేకరించినవి కావు. ఆ రోజుల్లో అంగళ్లలో డబ్బిచ్చి కొనుక్కున్న మామూలు వ్యాపార రికార్డులే. మొత్తం ఒక్కసారే వినే సాహసం చేయవద్దు. మొదటి భాగమైన కథాగేయాల్లోంచి రోజుకు రెండు పాటలు చాలు.

రాత్రిపూట, ఇల్లు సద్దుమణిగాక, చిన్న స్పీకరులో తక్కువ శబ్దంతో పెట్టుకోవడం మేలు. హెడ్‌ఫోన్లలో పాత ప్లేటు చిటపటలు నేరుగా తలలోకి దూరి గొంతును కప్పేస్తాయి; గదిలో అవే చిటపటలు కాస్త దూరంగా జరుగుతాయి. మన పాత నాటక పద్యాల గ్రామఫోను ప్లేట్లు విని పెరిగినవాళ్లకు ఈ కష్టం ఉండదు. మిగతావాళ్లకు కూడా మూడు నాలుగు రోజుల్లో చెవి ఆ చప్పుడును దానంతటదే వడకట్టుకుంటుంది.

రెండో మెట్టు: ఒకే పాటను మూడు విడతలుగా వినడం

మొదటి విడత మాటలు పట్టించుకోకుండా వినండి. కొండ ప్రాంతపు యాస ఎలాగూ మనకు సగం అర్థం కాదు, కాబట్టి అర్థం కానందుకు బాధపడకుండా గొంతు ఎక్కడ ఎక్కుతోంది, ఎక్కడ తెగుతోంది, వాయిద్యం గొంతు వెంట నడుస్తోందా, దానికి అడ్డం వస్తోందా అన్నది మాత్రమే గమనించండి. రెండో విడతలో పాట పాఠాన్ని ముందు పెట్టుకోండి. అయితే పాట పేరు ఒకటే అయినా మనిషి మనిషికీ చరణాలు మారిపోతాయి కాబట్టి, మీరు వింటున్న ఆ గాయకుడి పాఠమే వెతుక్కోవాలి. మూడో విడతలో కాగితం పక్కన పెట్టి మళ్లీ వినండి.

మొదటి విడత ఎందుకు ముఖ్యమో నాకు మా పెద్దమ్మ నేర్పింది. ఆవిడ భజన మందిరంలో తత్వాలు పాడుతుంది, ఇంగ్లీషు ముక్క రాదు. ఒక రాత్రి నేను కెంటకీ రాష్ట్రంలో డెయిజీ అనే చిన్న ఊళ్లో ఉండిన రాస్కో హోల్కాంబ్ పాట వింటున్నాను. గనుల్లో, కట్టుబడి పనుల్లో ఒళ్లు హూనం చేసుకున్న ఆ మనిషిని జాన్ కోహెన్ 1959లో కనుగొని రికార్డు చేశాడు. ఆ బిగదీసిన ఎత్తు గొంతుకే 'హై లోన్‌సమ్ సౌండ్', అంటే ఎత్తైన ఒంటరి నాదం, అని పేరు పెట్టాడు. పెద్దమ్మ మంచం మీంచే "ఎవరు పోయార్రా?" అని అడిగింది. ఎవరూ పోలేదు, అది సారా కాసుకునేవాడి పాట అని చెప్పాను. ఆవిడ ఇంకాసేపు విని, "ఏడుపు కాదులే. ఏడుపంతా అయిపోయాక పాడుతున్నట్టుంది" అని అటు తిరిగి పడుకుంది. ఈ సంగీతం గురించి నేను చదివిన పుస్తకాలు ఇంతకన్నా సూటిగా చెప్పలేదు.

మూడో మెట్టు: శ్రుతిని, లేని గాంధారాన్ని పట్టుకోవడం

సంగీతం నేర్చుకోని వాళ్లు కూడా ఈ మెట్టు దాటవేయవద్దు. ఫోనులో తంబురా యాప్ ఒకటి ఉంటే సరిపోతుంది.

బ్యాంజోకు అయిదు తీగలుంటాయి. అందులో నాలుగు మామూలుగానే మెడ చివరిదాకా సాగుతాయి. అయిదోది మాత్రం పొట్టిది. దాని బిరడా మెడ మధ్యలోనే, పక్కకు పొడుచుకుని వచ్చి ఉంటుంది. ఆ తీగను ఎడమచేతి వేళ్లతో నొక్కడం చాలా అరుదు. కుడిచేతి బొటనవేలు మాత్రం పాట ఎటు పోయినా పట్టించుకోకుండా దాన్ని మీటుతూనే ఉంటుంది. మనకు తెలిసిన మాటలో చెప్పాలంటే అది శ్రుతి. కచేరీలో తంబురా చేసే పనినే ఇక్కడ వాయిద్యం లోపలి తీగ ఒకటి, అందరికంటే పై స్థాయిలో, కాస్త మొండిగా చేస్తుంది.

ఇక తీగలను శ్రుతి చేసే పద్ధతి చూడండి. చీకటి పాటలకు కొండవాసులు తరచుగా వాడే ఒక అమరికను 'సామిల్ ట్యూనింగ్' అంటారు, అంటే కలప కోసే మిల్లు పేరుతో వచ్చినది. జీ స్వరాన్ని మన షడ్జంగా, అంటే అయిదు శ్రుతిగా తీసుకుంటే, పొట్టి తీగ పై షడ్జం, మిగిలిన నాలుగు వరసగా పంచమం, షడ్జం, మధ్యమం, పంచమం. ఇందులో గాంధారం, అంటే సరిగమల్లోని 'గ', లేదు. పాశ్చాత్య సంగీతంలో ఒక పాట ఉల్లాసంగా ఉందో విషాదంగా ఉందో తేల్చేది ప్రధానంగా గాంధారమే: కాస్త పైన ఉండే అంతర గాంధారమైతే మేజర్ (ఉల్లాసం), కాస్త కింద ఉండే సాధారణ గాంధారమైతే మైనర్ (విషాదం). మామూలు బ్యాంజో శ్రుతిలో ఒక తీగ అంతర గాంధారానికి పెట్టి ఉంటుంది. సామిల్ శ్రుతిలో ఆ తీగనే బిరడా అర స్వరం బిగించి మధ్యమం చేస్తారు. దాంతో ఖాళీ తీగలన్నీ కలిపి మీటినప్పుడు ఇది సంతోషమా దుఃఖమా అన్న నిర్ణయం గాలిలోనే వేలాడుతుంది. ఒకసారి తంబురా యాప్‌ను అయిదు శ్రుతిలో పెట్టి, క్లారెన్స్ ఆష్లీ 1929లో పాడిన 'ద కూకూ బర్డ్' వినండి. పాత రికార్డుల వేగం కచ్చితంగా ఉండదు కాబట్టి యాప్‌ను కాస్త అటూ ఇటూ జరపవలసి రావచ్చు. శ్రుతి కలిసిన క్షణంలో ఆ పాట చుట్టూ ఉన్న ఖాళీ ఎంత పెద్దదో తెలిసిపోతుంది.

గొంతు విషయంలోనూ ఇదే. కొండసీమ గాయకులు గాంధారాన్ని పాడినప్పుడు చాలాసార్లు అది సాధారణానికీ అంతరానికీ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. పియానోలో దానికి మెట్టు లేదు. గమకాలకు అలవాటుపడిన మన చెవికి ఈ సందు స్వరం తప్పుగా తోచదు; ఈ విషయంలో పియానో మీద పెరిగిన శ్రోత కంటే మనమే ఒక అడుగు ముందుంటాం.

ఇక్కడ ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. 'ప్రెట్టీ పాలీ'ని చాలామంది పాడే వరస దాదాపుగా స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం, అంటే శుద్ధ ధన్యాసి స్వరాల మీదే నడుస్తుంది. అంతమాత్రాన ఆ పాట శుద్ధ ధన్యాసి అయిపోదు. ఆ సంచారాలు లేవు, ఆ గమకాలు లేవు. పైగా మన కచేరీలో ఆ రాగం వింటే ఎవరికీ వెన్నులో చలి పుట్టదు. భక్తి కలుగుతుంది, హుషారు వస్తుంది. అవే అయిదు స్వరాలు ఇక్కడ భయం పుట్టిస్తున్నాయంటే, ఆ భయం స్వరాల్లో లేదనీ, ఆ స్వరాల మీద ఎక్కించిన కథలోనూ ఆ కథను చెప్పే తీరులోనూ ఉందనీ అర్థం చేసుకోవాలి.

బ్యాంజో గురించి ఇంకొక్క మాట. ఇది తెల్లవాళ్ల పల్లె వాయిద్యమన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. నిజానికి దీని పూర్వరూపాలు పశ్చిమ ఆఫ్రికాలోని సొరకాయ బుర్ర వాయిద్యాలు. బానిసలుగా సముద్రం దాటించబడిన మనుషుల చేతుల్లో అవి కరీబియన్ దీవులకు, అమెరికాకు చేరాయి. డాక్ బాగ్స్ కూడా తన ప్రాంతపు నల్లజాతి వాయిద్యకారులను చూసే ఒక్కొక్క స్వరాన్ని వేలితో ఏరి వాయించే పద్ధతిని పట్టుకున్నాడు. అతని పాటలో కొండ బ్యాలడ్ (కథాగేయం), నల్లవాళ్ల బ్లూస్ రెండూ ఒకే గొంతులో వినిపించడానికి కారణం అదే.

నాలుగో మెట్టు: కథలోంచి ఏం తీసేశారో వెతకడం

ఈ పాటల్లో చాలా భాగం ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వలసవచ్చినవాళ్లతో కలిసి తూర్పు అమెరికాలోని అపలేచియన్ కొండలెక్కాయి. హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ పాత బ్యాలడ్లను 305గా వర్గీకరించి 1882 నుంచి 1898 వరకు సంపుటాలుగా ప్రచురించాడు. ఆ తరువాత సెసిల్ షార్ప్ అనే ఇంగ్లీషు సేకర్త, తన సహాయకురాలు మాడ్ కార్పెలిస్‌తో కలిసి 1916, 1918 సంవత్సరాల మధ్య ఆ కొండల్లో తిరిగి, ఇంగ్లండులో మరుగునపడుతున్న పాటలు ఇక్కడ నోళ్లలో బతికే ఉన్నాయని కనుగొన్నాడు.

బతికే ఉన్నాయి, కానీ మారిపోయి ఉన్నాయి. ఈ మెట్టులో మీ పని ఆ మార్పును పట్టుకోవడం. 'ప్రెట్టీ పాలీ'కి మూలం 18వ శతాబ్దంలో ఇంగ్లండు వీధుల్లో కాగితాల మీద అచ్చువేసి అమ్మిన 'ద గాస్పోర్ట్ ట్రాజెడీ'. ఆ మూలంలో హంతకుడు ఓడలు కట్టే వడ్రంగి. అమ్మాయి గర్భవతి, ఆ సంగతి బయటపడకుండా ఆమెను చంపి ఓడెక్కి పారిపోతాడు, ఆమె దయ్యమై ఓడలోకి వచ్చి అతణ్ణి పట్టిస్తుంది. కారణం ఉంది, శిక్ష ఉంది, మధ్యలో దయ్యం కూడా ఉంది. కొండలకు వచ్చేసరికి కడుపు సంగతి పోయింది, ఓడ పోయింది, దయ్యం పోయింది. గొయ్యీ పారా మాత్రం మిగిలాయి. చాలామంది పాడే పాఠాల్లో అయితే, నిన్న రాత్రి చాలాసేపు నీ గొయ్యే తవ్వాను అని అతడు ఆమెతో మామూలు పని చెప్పినట్టు చెబుతాడు.

ఎందుకిలా జరిగిందన్నదానికి ఒక్క జవాబు లేదు. నోటి నుంచి నోటికి వెళ్లే పాటలో వివరణలు ముందు రాలిపోతాయి, బొమ్మకట్టే దృశ్యాలు నిలుస్తాయి. పెళ్లికాని గర్భం మాట ఇంట్లో పిల్లల ముందు ఎత్తడం ఇష్టంలేక కొందరు దాటవేసి ఉంటారు. రికార్డుల కాలం వచ్చాక పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి, ఇరవై ముప్పై చరణాల పాటను ఆరేడు చరణాలకు కోయక తప్పలేదు. కారణం ఏదైనా ఫలితం ఒకటే: నీతికథగా పుట్టినది పీడకలగా మారింది. పీడకలలో కూడా ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఉండదు కదా.

ఇదే కన్నుతో 'నాక్స్‌విల్ గర్ల్' చూడండి. దీని మూలమూ ఇంగ్లండు వీధి పాటే. ఆలబామాకు చెందిన ఐరా, చార్లీ లూవిన్ అన్నదమ్ములు దీన్ని 1956లో పాడారు. హంతకుడు స్వయంగా, ప్రథమ పురుషలో కాదు, 'నేను' అంటూ చెబుతాడు: ఆమెను కర్రతో కొట్టి చంపాను, నదిలో పడేశాను, ఇంటికి వెళ్లాను. బట్టల మీద ఆ నెత్తురేమిటని తల్లి అడిగితే ముక్కులోంచి కారిందని చెబుతాడు. ఆ పైన దారి చూసుకుని పడుకోవడానికి ఒక కొవ్వొత్తి అడుగుతాడు. ఇంత ఘోరాన్నీ ఆ అన్నదమ్ములు ఒకరి గొంతులో ఒకరు ఒదిగిపోయే అతి తియ్యని జంట గానంతో పాడతారు, పాట ఎక్కడా వేగం మార్చదు. నాకు ఈ మొత్తం సంప్రదాయంలో అన్నిటికంటే భయం వేసే చోటు ఆ కొవ్వొత్తి. కర్ర దెబ్బలు కథలో భాగం. కొవ్వొత్తి మాత్రం మన ఇంట్లోదే.

నిజ సంఘటనల మీద కట్టిన పాటల్లోనూ ఇలాంటి కోతలే కనిపిస్తాయి. నార్త్ కరోలినాలో టామ్ డూలా అనే మాజీ సైనికుణ్ణి, 1866లో లారా ఫాస్టర్ అనే యువతిని చంపిన నేరానికి 1868 మే 1న ఉరితీశారు. ఆ కేసులో ఆన్ మెల్టన్ అనే మూడో మనిషి ఉంది. ఆమె మీద కూడా అభియోగం మోపి, తరువాత వదిలేశారు. 1958లో కింగ్‌స్టన్ ట్రయో అనే బృందం పాడగా అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన 'టామ్ డూలీ'లో ఆన్ మెల్టన్ పేరే లేదు. కత్తిపోటు, కొండ, రేపు పొద్దున్న ఉరి, అంతే. అది చాలా శుభ్రంగా ఇస్త్రీ చేసిన పాట. గ్రేసన్, విట్టర్ అనే ఇద్దరు 1929లో పాడిన గరుకు రికార్డును ముందు విని, ఆ తరువాత దీన్ని వినడం మంచిది.

అయిదో మెట్టు: చావు గురించిన చర్చి పాటలు

గోథిక్ కంట్రీలో దేవుడు అలంకారం కాదు. ఆ కొండల్లో హత్య పాట పాడే నోరే ఆదివారం కీర్తన పాడేది. కాబట్టి కీర్తనలు వినకుండా మిగతావి సగమే అర్థమవుతాయి.

'ద సేక్రెడ్ హార్ప్' అనేది 1844లో జార్జియాకు చెందిన బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ తెచ్చిన కీర్తనల పుస్తకం. మామూలు సంగీత లిపి చదవడం రానివాళ్లు కూడా పాడగలిగేలా ఇందులో స్వరాలను నాలుగు ఆకారాల్లో, త్రికోణం, వలయం, చదరం, వజ్రంలా, అచ్చువేశారు. పాడేవాళ్లు చతురస్రంగా, ఒకరికొకరు ఎదురుగా కూర్చుంటారు. వినేవాళ్ల కోసం పాడడం కాదు కాబట్టి సభ వైపు ఎవరూ తిరగరు. మనకు ఆసక్తి కలిగించే సంగతి, వాళ్లు ముందు పాట మొత్తాన్ని ఫా, సోల్, లా, మీ అంటూ స్వరాలుగా పాడి, ఆ తరువాతే సాహిత్యం అందుకుంటారు. మన సంగీతం పాఠం గుర్తురాక మానదు. చార్లెస్ వెస్లీ రాసిన సాహిత్యంతో ఉన్న 'ఐడుమియా' అనే కీర్తన పెట్టుకోండి. నేను పుట్టింది చావడానికేనా అన్న ప్రశ్నతో అది మొదలవుతుంది. నాలుగు వరసలు కలిపి పాడుతున్నా ఆ శ్రుతిమేళంలో ఎక్కువ చోట్ల షడ్జ పంచమాలే వినిపిస్తాయి. మూడో మెట్టులో చెప్పిన బోలుతనమే ఇక్కడ వంద గొంతుల్లో వినబడుతుంది. లూవిన్ అన్నదమ్ములు ఈ గానం మధ్యే పెరిగారు.

దాని వెంటనే రాల్ఫ్ స్టాన్లీ పాడిన 'ఓ డెత్' వినండి. 2000లో వచ్చిన ఒక సినిమా కోసం, డెబ్బై దాటిన వయసులో, ఒక్క వాయిద్యం కూడా లేకుండా ఆయన దీన్ని పాడాడు. 2002లో దీనికి గ్రామీ బహుమతి వచ్చింది. ఒక మనిషి మృత్యువును ఇంకొక్క ఏడాది ఆగమని వేడుకుంటాడు. మృత్యువు తన పని ఏమిటో చెబుతుంది: కాళ్లు కదలకుండా చేస్తాను, దవడ బిగిస్తాను. యముడితో బేరమాడి గెలిచిన సావిత్రి కథ విన్న మనకు ఈ బేరం ఎటు పోతుందో చూడాలనిపిస్తుంది. ఎటూ పోదు. వేడుకునే మనిషి మాటలనూ మృత్యువు మాటలనూ స్టాన్లీ ఒకే గొంతుతో, తేడా లేకుండా పాడతాడు. ఎవరు మాట్లాడుతున్నారో ఒక్కోసారి తెలియదు. అలా తెలియకపోవడం కోసమే మళ్లీ మళ్లీ వినాలి.

ఆరో మెట్టు: కంట్రీలోకి రావడం

కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. గొప్పవాడు కాకపోవడం వల్ల కాదు, అతని మరణం పాటలను మింగేసింది కాబట్టి. 1953 జనవరి 1న, కారు వెనక సీట్లో, 29 ఏళ్లకే పోయాడు. అప్పటికి అమ్మకంలో ఉన్న రికార్డు ఈ లోకం నుంచి ప్రాణాలతో బయటపడనన్న అర్థం వచ్చే పాట. ఈ యాదృచ్ఛికాన్ని పక్కనపెట్టి, 1949లో పాడిన 'ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై' ఒక్కటి వినండి. ఏడవాలనిపించేంత ఒంటరితనమని పాడతాడు గానీ ఏడవడు.

'లాంగ్ బ్లాక్ వెయిల్' దగ్గర మాత్రం ఆగాలి. డానీ డిల్, మేరీజాన్ విల్కిన్ రాసిన ఈ పాటను 1959లో లెఫ్టీ ఫ్రిజెల్ మొదట రికార్డు చేశాడు. జానపదంలా వినిపిస్తుంది కానీ కాదు. హత్యానేరం మోపబడిన ఒకడు, ఆ రాత్రి తాను ఎక్కడున్నాడో చెబితే బతుకుతాడు. అయితే ఆ రాత్రి అతడున్నది ప్రాణ స్నేహితుడి భార్య దగ్గర. చెప్పడు, ఉరితీస్తారు. ఆమె నల్ల ముసుగు వేసుకుని రాత్రిళ్లు అతని సమాధి దగ్గరకు వస్తుంటుంది. ఈ కథ చెబుతున్నది చచ్చిపోయినవాడే. జానపద పాటలో కాలం కోసేసిన ఖాళీని ఇక్కడ రచయితలు తెలిసి తెచ్చిపెట్టారు: పాట మొత్తం ఒక మనిషి చెప్పకుండా ఉండిపోయిన ఒక్క మాట మీద నిలబడింది. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైలులో ఖైదీల ముందు దీన్ని పాడాడు. ఆ రికార్డులో పాటతో పాటు గదిని కూడా వినండి.

రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'నెబ్రాస్కా' ఆల్బమ్‌ను కంట్రీ అనడానికి కొందరు ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను. 1982 జనవరిలో న్యూజెర్సీలోని ఒక అద్దె ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద అతడు నమూనాగా పాడుకున్న పాటలవి. తరువాత బృందంతో స్టూడియోలో మళ్లీ చేస్తే ఆ జీవం రాలేదు; చివరికి ఆ క్యాసెట్‌నే విడుదల చేశారు. మొదటి పాట 1958 నాటి వరుస హత్యల హంతకుడు చార్లెస్ స్టార్క్‌వెదర్ గొంతులో సాగుతుంది. ఎందుకు చేశావని అడిగితే అతడిచ్చే జవాబు, జవాబు లేదని చెప్పడంతో సమానం. గాస్పోర్ట్ వడ్రంగి దగ్గర పోయిన కారణం ఇక్కడికీ తిరిగి రాలేదు.

ఏడో మెట్టు: వేషాన్నీ విషయాన్నీ వేరుచేయడం

ఇప్పుడు కొత్తవాళ్ల దగ్గరకు వెళ్లవచ్చు. గోథిక్ కంట్రీ అనే పేరు బాగా అతుక్కున్న ఊరు కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్. 1992లో మొదలై ఆ ఊరినే స్థావరం చేసుకున్న 'సిక్స్‌టీన్ హార్స్‌పవర్' బృందం నాయకుడు డేవిడ్ యూజీన్ ఎడ్వర్డ్స్, క్రైస్తవంలోని నజరీన్ శాఖకు చెందిన బోధకుడి మనవడు. బ్యాంజోతో పాటు బాండోనియన్ అనే తిత్తి వాయిద్యం, అంటే మన హార్మోనియానికి దూరపు చుట్టం, ఒళ్లో పెట్టుకుని, కూర్చుని పాడేవాడు. 1996 నాటి 'సాక్‌క్లాత్ అండ్ యాషెస్', 2000 నాటి 'సీక్రెట్ సౌత్' వినండి. అతడు దేవుణ్ణి నమ్మి భయపడుతున్నాడా, భయపెట్టడానికి దేవుణ్ణి వాడుతున్నాడా అని వింటూ ఉండండి. నాకైతే మొదటిదే వినిపిస్తుంది, అందుకే ఆ పాటలు నిలిచాయి.

హ్యాండ్సమ్ ఫ్యామిలీ అనేది బ్రెట్, రెనీ స్పార్క్స్ అనే భార్యాభర్తల జంట. మాటలు ఆమెవి, వరసలు అతనివి. వాళ్ల 'ఫార్ ఫ్రమ్ ఎనీ రోడ్' 2003లో వచ్చి, 2014లో ఒక టీవీ సీరియల్ శీర్షిక గీతమయ్యాకే ప్రపంచానికి వినబడింది. పదకొండేళ్లపాటు అదే పాట, అదే రికార్డు, ఎవరికీ పట్టలేదు. ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ 1996లో తెచ్చిన 'మర్డర్ బ్యాలడ్స్' ఆల్బమ్ ఇంకో కొస. అక్కడ శవాలు లెక్కకు మించి పడతాయి, నవ్వు కూడా వస్తుంది. అది ఈ సంప్రదాయం మీద తెలివైన నాటకం. సరదాగా వినవచ్చు, కానీ మొదటి పాఠంగా పనికిరాదు.

వేషాన్ని పట్టుకోవడానికి నేను వాడే చిట్కా ఒకటుంది. పాటలోంచి కాకులు, ఎముకలు, సైతాను, విస్కీ, తుపాకీ అన్నీ తీసేయండి. గొంతులో, వరసలో ఏమైనా మిగిలితే అది పాట. డాక్ బాగ్స్ పాటలో తీయడానికి ఇవేవీ లేవు.

ఎనిమిదో మెట్టు: చచ్చిపోయినవాళ్ల వైపు నుంచి వినడం

ఇన్ని పాటలు విన్నాక ఒక ఇబ్బంది మొదలవ్వాలి. మొదలవకపోతే సరిగ్గా వినలేదనే అర్థం. హంతకుడికి గొంతు ఉంది, ఉరికంబం దగ్గర పశ్చాత్తాపం ఉంది. అమ్మాయికి చాలాసార్లు ఒక పేరు, తెల్లని చేతులు మాత్రమే ఉన్నాయి. మన కోస్తా ఊళ్లలో ఇలా అర్ధాంతరంగా పోయిన ఆడవాళ్లను పేరంటాలుగా నిలిపి, గుడి కట్టి, పసుపు కుంకుమలు పెట్టి, భయంతోనో అపరాధభావంతోనో ఏటా తలచుకుంటారు. కొండ పాటల్లో ఆ పిల్లకు దయ్యమయ్యే హక్కు కూడా పోయిందని నాలుగో మెట్టులో చూశాం.

ఈ మెట్టులో పాట వెనక మనిషిని వెతకండి. జానీ క్యాష్ 1994లో మళ్లీ పాడిన 'డీలియాస్ గాన్'లో డీలియా ఒక మాయలాడిలా వినబడుతుంది. అసలు డీలియా గ్రీన్ జార్జియాలోని సవానా నగరంలో 1900 క్రిస్మస్ వేళ కాల్పుల్లో చనిపోయిన నల్లజాతి బాలిక, వయసు 14. ఈ సంగతి తెలిశాక ఆ పాటను ముందులా వినలేము. వినడం మానేయమని నేను అనను, నేనూ మానలేదు. కానీ చివరిలో చప్పట్లు కొట్టడానికి చేతులు లేవవు.

తరువాత గాయని గిలియన్ వెల్చ్ 1998లో పాడిన 'కేలబ్ మేయర్' వినండి. భర్త ఊళ్లో లేనప్పుడు ఒకడు ఇంటి మీదకు వచ్చి బలాత్కారం చేయబోతాడు. ఆమె దేవుణ్ణి తలచుకుంటుంది. చేతికి పగిలిన సీసా మెడ తగులుతుంది. పాడుతున్నది బతికి బయటపడిన ఆమె. గొంతు అదే పాత పొడి గొంతు, వరస అదే పాత వరసలా ఉంటుంది, ఒక్క తిరుగుడుతో మొత్తం సంప్రదాయం తలకిందులవుతుంది. ఆపైన నల్లజాతి గాయని, బ్యాంజో వాద్యకారిణి రియానన్ గిడెన్స్ 2017 నాటి 'ఎట్ ద పర్చేజర్స్ ఆప్షన్'. ఒక యువతిని అమ్ముతున్నాం, తొమ్మిది నెలల బిడ్డ ఉంది, కావాలంటే కొనేవాళ్లు బిడ్డను కూడా తీసుకోవచ్చు అన్న పాత బానిస వ్యాపార ప్రకటన ఆమె చేత ఈ పాట రాయించింది. బ్యాంజోను దాని అసలు వారసుల చేతుల్లో వింటున్నామన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. గోథిక్ అని పిలవడానికి దయ్యాలు అవసరం లేదు, ఆ ప్రకటనలో రాసిన ఆ షరతు చాలు.

తొమ్మిదో మెట్టు: తిరిగి మొదటి పాటకు

ఇవన్నీ వినడానికి నెల రోజులైనా పెట్టుకోండి. చివర మళ్లీ డాక్ బాగ్స్ దగ్గరకే రండి, కానీ ఈసారి రెండు రికార్డులు పక్కపక్కన పెట్టుకుని. 1927 రికార్డుల తరువాత అతనికి సంగీతం అన్నం పెట్టలేదు. ఆర్థిక మాంద్యం వచ్చింది, ఇంట్లో భార్యకు ఈ పాటలు నచ్చేవి కావు, బ్యాంజోను తాకట్టు పెట్టి గనికి వెళ్లిపోయాడు. దశాబ్దాల తరువాత, గని పని మానేశాక మళ్లీ పట్టుకున్నాడు. 1963లో మైక్ సీగర్ అనే గాయకుడు అతణ్ణి వెతుక్కుంటూ వచ్చి రికార్డు చేశాడు. అందులో 'ప్రెట్టీ పాలీ' మళ్లీ ఉంది.

మొదటిది పెట్టుకున్నప్పుడు అతని వయసు 29 అని గుర్తుంచుకోండి, రెండోదానిలో 65. ఊపిరి తగ్గింది, గొంతు కాస్త మందమయింది, రికార్డు చిటపటలు పోయాయి. మొదటిసారి వినేటప్పుడు మాటలు వదిలేసి ఆ బొటనవేలు మీటే పొట్టి తీగ ఒక్కదాన్నే వినండి. రెండోసారి గొయ్యి కనిపించే చరణం దగ్గర, ముప్పై ఆరేళ్ల తరువాత ఆ ముసలాయన దాన్ని కాస్తయినా మెత్తగా పాడాడేమో చూడండి.